గడువుకు ముందే నీరసించిన టీకా: పాతిక డోసుల వయల్ కేసు

పశువుల టీకాలు తయారుచేసే ఒక యూనిట్‌లో కొన్నేళ్లు ఫ్రీజ్ డ్రయింగ్ విభాగం చూశాను. ఈ కేసు అక్కడిది. సంస్థ పేరు, ఊళ్ల పేర్లు, బ్యాచ్ నంబర్లు తీసేశాను. కొలతల్ని ఎవరూ గుర్తుపట్టకుండా కాస్త గుండ్రం చేశాను గానీ వాటి మధ్య నిష్పత్తి చెడగొట్టలేదు. టీకా వేసినా రోగం వచ్చిందని ఎవరైనా ఫోన్ చేస్తే తయారీవాళ్లం ముందుగా వేలు చూపేది పల్లెలోని ఫ్రిజ్ వైపు. మేమూ అదే చేశాం. అందుకే దీన్ని రాసిపెడుతున్నాను.

నేపథ్యం

టీకా పీపీఆర్‌ది. మన పల్లెల్లో పారుడు రోగం అంటారు. గొర్రెలకీ మేకలకీ జ్వరం, ముక్కు కారడం, నోట్లో పుండ్లు, తర్వాత పారుడు, న్యుమోనియా. మందలో పడితే పిల్లలు ముందు పోతాయి. టీకా మాత్రం మంచిది, ఒక్కసారి సరిగ్గా వేస్తే మూడేళ్లు కాపాడుతుంది. ఆ "సరిగ్గా"లోనే చిక్కంతా ఉంది. ఇది బతికున్న వైరస్ టీకా. మేక ఒంట్లోకి వెళ్లేసరికి డోసులో కనీసం లాగ్ 2.5, అంటే సుమారు 316 యూనిట్ల వైరస్ బతికి ఉండాలి. ఈ లాగ్ లెక్కలో ఒకటి తగ్గితే వైరస్ పదోవంతే మిగిలినట్టు. ఈ వైరస్ వేడికి చాలా సున్నితం. ద్రవంలో ఉంటే 37 డిగ్రీల దగ్గర కొన్ని గంటల్లోనే సగానికి సగం పోతుంది. అందుకే దాన్ని చక్కెర, పాల ప్రోటీన్ ముక్కలు కలిపిన ద్రావణంలో గడ్డకట్టించి, వాక్యూమ్‌లో మంచును నేరుగా ఆవిరిగా లాగేసి, తెల్లటి కేక్‌గా మారుస్తాం. మా ఫార్ములా పాతదే: లాక్టాల్బుమిన్ హైడ్రోలైసేట్ (ఆ పాల ప్రోటీన్ ముక్కలే), సుక్రోజ్ (మామూలు చక్కెర).

ఆ కేక్ ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే జాతరలో పీచు మిఠాయిని గుర్తు తెచ్చుకోండి. అదీ చక్కెరే. కానీ పలుకుల్లేకుండా గాజులా గట్టిపడిన చక్కెర. కవర్లో ఉన్నంతసేపు పొడిగా నిలబడుతుంది, తేమ గాలి తగిలితే జిగురుగా కుంగిపోతుంది. మా కేక్‌లో వైరస్ ఆ చక్కెర గాజులోనే బందీగా ఉంటుంది, కదల్లేదు కాబట్టి చెడదు. పొడి సుక్రోజ్ గాజు మెత్తబడేది 60 డిగ్రీల పైమాటే. తేమ ఒక్క శాతం పెరిగితే ఆ హద్దు సుమారు పది డిగ్రీలు కిందికి దిగుతుంది. హద్దు దాకా రాకముందే లోపల పట్టు సడలడం మొదలవుతుంది. పైకి మాత్రం ఏమీ తెలియదు, కేక్ తెల్లగా నిటారుగానే ఉంటుంది.

మొదట్లో మాది వంద డోసుల వయల్ ఒక్కటే. పెద్ద మందలకు అది బాగుంటుంది. నాలుగు మేకలున్న ఇంటికి పనికిరాదు. ఒకసారి సెలైన్ కలిపాక చల్లగా ఉంచి గంటా రెండు గంటల్లో వాడేయాలి. నాలుగు మేకల కోసం వంద డోసులు కలిపిన మనిషి మిగతా తొంభై ఆరు పారబోస్తాడా? పారబోయడు. ఐస్ బాక్స్‌లో పెట్టుకుని పక్క ఊరు వెళ్తాడు. మధ్యాహ్నం మూడింటికి ఆఖరి మేకకు వేసేది టీకానో ఉప్పు నీళ్లో చెప్పలేం. అందుకని చిన్న ప్యాక్ కావాలని క్షేత్రంలోని వాళ్లు చాలాకాలంగా అడుగుతున్నారు. పాతిక డోసుల వయల్ తెచ్చాం. మంచి పని చేశామని మాకు గర్వంగా కూడా ఉండేది.

ఎలా తెచ్చాం? కొత్త సైజు వయల్ అంటే కొత్త ట్రేలు, సీలింగ్ మెషిన్‌కు కొత్త విడిభాగాలు, ఖర్చు. కాబట్టి వయల్ అదే, రబ్బర్ స్టాపర్ అదే ఉంచి, లోపల పోసే మందును మాత్రం 2 మిల్లీలీటర్ల నుంచి అర మిల్లీలీటరుకు తగ్గించాం. ఆ కాగితం మీద ఉన్న సంతకాల్లో నాదీ ఒకటి.

ఫిర్యాదు

కొత్త ప్యాక్ వచ్చిన రెండో వేసవిలో ఒక మండల పశువైద్యాధికారి ఫోన్ చేశారు. టీకా వేసి నెలన్నర, మందలో పిల్లలు పారుకుని చస్తున్నాయి అన్నారు. నెల తిరక్కుండా ఇంకో రెండు చోట్ల నుంచి అదే మాట.

టీకా వేశాక రోగం వచ్చిందంటే తప్పు టీకాదే అనడానికి లేదు. వేసేనాటికే రోగం పొదిగే దశలో ఉండొచ్చు. మూడు నాలుగు నెలల లోపు పిల్లలైతే తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ టీకా వైరస్‌ను తినేస్తుంది. అసలు అది పీపీఆరే కాకపోవచ్చు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు, అన్నీ ఆయనకు వినిపించాను. చివర్లో, "డాక్టర్ గారూ, మీ దగ్గర కరెంటు రోజుకు ఎన్ని గంటలు పోతుంటుంది?" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా ఫ్రిజ్ సంగతి తర్వాత చూద్దాం సార్. అదే బ్యాచ్‌లో మీరు దాచిపెట్టుకున్న శాంపిల్ తీసి చూశారా?" అన్నారు.

చూడలేదు. ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని వయల్స్ మా కోల్డ్‌రూమ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య గడువు తీరేదాకా ఉంటాయి. ఫిర్యాదు వస్తే ముందు తీయాల్సినవి అవే. క్షేత్రంలో వయల్ బలహీనంగా ఉండి మా దగ్గరున్నది బలంగా ఉంటే తప్పు దారిలోనో ఫ్రిజ్‌లోనో ఉన్నట్టు. రెండూ బలహీనంగా ఉంటే ఫ్రిజ్‌ల ఊసు ఎత్తే హక్కు మాకు లేదు.

ఆ బ్యాచ్ శాంపిళ్లు తీసి వీరో కణాల (ల్యాబ్‌లో పెంచే కోతి కణాల) మీద టైట్రేట్ చేశాం, అంటే బతికున్న వైరస్ ఎంతుందో కొలిచాం. వచ్చే అంకెను టైటర్ అంటాం. ఈ పరీక్షలో అటూ ఇటూ లాగ్ 0.3 తేడా మామూలే, ఒక్క రీడింగ్ చూసి కంగారుపడకూడదు. అందుకని మూడు వేర్వేరు రోజులు, పక్కన తెలిసిన ప్రామాణిక టీకా పెట్టి చేశాం. విడుదల నాడు డోసుకు లాగ్ 3.6 ఉన్నది పదకొండో నెలలో 2.6కి దిగింది. లేబుల్ మీద గడువు 24 నెలలు. కోల్డ్‌రూమ్ చార్టు గీత గీసినట్టు శుభ్రంగా ఉంది. ఇక వేలు చూపడానికి వేరే దిక్కు లేదు.

అదే రోజు వంద డోసుల వయల్ కూడా ఒకటి పక్కన పెట్టి టైట్రేట్ చేసి ఉంటే ఈ కేసు వారంలో తేలిపోయేది. ఫిర్యాదు వచ్చినవన్నీ పాతిక డోసులవే. కానీ మా రిజిస్టర్‌లో బ్యాచ్, జిల్లా, తేదీ రాయడానికి గడులున్నాయి గానీ ప్యాక్ సైజుకు గడి లేదు. గడి లేనిది మా కంటికి కనపడలేదు.

మొదటి ప్రయత్నం: ఫార్ములా

అందరి చూపూ స్టెబిలైజర్ మీద, అంటే వైరస్‌ను కాపాడే ఆ చక్కెర ద్రావణం మీద పడింది. మా రంగంలో ఒక పెద్ద విజయగాథ ఉంది, దాని ప్రభావం కూడా కావచ్చు. 2011లో ప్రపంచం నుంచి తుడిచిపెట్టుకుపోయిందని ప్రకటించిన రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి విషయంలో, 1980ల చివర్లో టీకా వైరస్‌ను మార్చకుండానే, దాన్ని పెంచే కణాలూ ఆరబెట్టే పద్ధతీ మార్చి, ఫ్రిజ్ లేకుండా నెల రోజుల దాకా తట్టుకునే టీకా తయారుచేశారు. ఐస్ దొరకని ఆఫ్రికా మారుమూలలకు అది నడిచి వెళ్లింది. పీపీఆర్ వైరస్ దానికి దగ్గరి చుట్టం. కాబట్టి మనమూ ఏదో మంచి చక్కెర వెతికితే సరి అనుకున్నాం.

సుక్రోజ్ తీసి ట్రెహలోజ్ పెట్టాం. దాని గాజు మెత్తబడే హద్దు సుక్రోజ్ కన్నా చాలా ఎక్కువ, తేమ కాస్త ఎక్కినా తట్టుకుంటుంది. ప్రయోగ బ్యాచ్ కేక్ చూడముచ్చటగా వచ్చింది. 37 డిగ్రీల్లో వారం పెట్టే వేగపు పరీక్షలో టైటర్ దాదాపు కదల్లేదు. ఫలితం చూసి టీ తాగుతూ ఒకరి భుజం ఒకరం తట్టుకున్నాం కూడా.

4 డిగ్రీల దగ్గర ఆరు నెలలు గడిచాక చూస్తే అదీ దిగుతోంది. సుక్రోజ్ కన్నా నెమ్మదిగా, అంతే. పైగా స్టెబిలైజర్ మారిస్తే లైసెన్స్ కాగితాలు, నిల్వ పరీక్షలు మళ్లీ మొదటి నుంచి. సగం లాభానికి రెండేళ్ల పని.

ఆ బ్యాచ్ నుంచి మాకు దక్కిన మేలు వేరే ఉంది. మా జూనియర్ అమ్మాయి మిగిలిన వయల్స్‌కు ఎవరూ చెప్పకుండానే కార్ల్ ఫిషర్ పరీక్ష పెట్టింది, అంటే కేక్‌లో నీటి శాతం కొలిచింది. మేం తేమను విడుదల నాడు ఒక్కసారి చూసి, 3 శాతం లోపు ఉంటే సంతకం పెట్టి వదిలేసేవాళ్లం. నిల్వ పరీక్షల్లో టైటర్ ఒక్కటే చూసేవాళ్లం. ఆమె తెచ్చిన కాగితం మీద విడుదల నాడు 1.2 శాతం ఉన్న తేమ ఆరు నెలలకు 2.7 అయింది. మూసి ఉన్న సీసాలో నీరు పెరుగుతోంది!

రెండో ప్రయత్నం: ఇంకా ఆరబెట్టడం

నీరు ఎక్కువవుతోందంటే ముందే ఎక్కువ తీసేద్దాం అన్నది సులువైన జవాబు. మంచు పోయాక మిగిలిన తేమను తీసే రెండో దశ ఆరబెట్టడం పొడిగించాం, డ్రయర్‌లో వయల్స్ నిలబెట్టే షెల్ఫ్ వేడి పెంచాం. విడుదల తేమ 0.6కి వచ్చింది. కానీ డ్రయర్‌లోనే టైటర్ లాగ్ 0.4 పోయింది. ఈ వైరస్‌కు తడి ఎంత చేటో మరీ ఎండగట్టడమూ అంతే, దాని పొరను అంటిపెట్టుకున్న ఆఖరి నీటినీ లాగేస్తే ఆకారం నిలవదు. సరే, ఆ నష్టం భరిద్దామన్నా నెలలు గడిచేకొద్దీ తేమ మళ్లీ ఎక్కింది. బావి తోడేశామనుకున్నాం, ఊట ఆపలేదు.

సీల్ కారుతోందేమో చూశాం. మా వయల్స్ వాక్యూమ్‌లో మూసినవి. స్పార్క్ టెస్టర్ దగ్గర పెడితే వాక్యూమ్ ఉన్న సీసా లోపల ఊదా రంగు వెలుగు మెరుస్తుంది, గాలి దూరినది మెరవదు. గది దీపాలు ఆర్పేసి రెండు ట్రేలు చూశాం. దాదాపు అన్నీ మెరిశాయి. ఇంకో ఆధారం కూడా ఉంది. కారే సీసాలైతే ఒకదాని తేమకు ఇంకోదానికి పొంతన ఉండదు. మావన్నీ ఒకే తీరుగా పెరుగుతున్నాయి. బయటి గాలి కాదు.

ఈలోగా మైనస్ 20లో నిల్వ చేయమని లేబుల్ మార్చేద్దామని పైనుంచి సలహా వచ్చింది. నేను గట్టిగా అడ్డుపడ్డాను. మైనస్ 20లో మా గోదాములో అంకెలు బాగుంటాయి, నిజమే. తర్వాత ఆ వయల్స్ వెళ్లేది మండల ఆస్పత్రికి. అక్కడున్న ఒకే ఒక్క ఫ్రిజ్‌లో పీపీఆర్‌తో పాటు చిటుక రోగం టీకా కూడా ఉంటుంది. పటిక కలిపిన ఆ రకం టీకా గడ్డకడితే పాడైనట్టే, జెల్ ముద్దలు కడుతుంది, కరిగించినా తిరిగి రాదు. ఫ్రీజర్‌లో పెట్టమని ఒక టీకా మీద రాస్తే తొందరలో అన్నీ అక్కడే చేరతాయి. మా తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఇంకో టీకాను చంపినట్టవుతుంది.

బిరడా

ఫిల్లింగ్ సెక్షన్‌లో పాతికేళ్లుగా పనిచేస్తున్న టెక్నీషియన్ ఒకాయన ఉన్నారు. మీటింగులకు ఎవరూ పిలవరు. ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్ నుంచి వచ్చిన స్టాపర్ల సంచి తెరుస్తూ నాతో మామూలుగా అన్నారు: "వంద డోసులదానికీ దీనికీ బిరడా ఒకటే కదా సార్. మందు మాత్రం పావు వంతు. ఇవి చూడండి, ఇంకా చెమర్చే ఉన్నాయి."

ఒక స్టాపర్ తీసి అరచేతిలో పెట్టుకున్నాను. పొడిగానే ఉన్నట్టుంది. సంచి లోపలి వైపు మాత్రం సన్నటి ఆవిరి పొర.

రాత్రి కూర్చుని లెక్క వేశాను. మా ద్రావణంలో ఘన పదార్థం సుమారు 7.5 శాతం. రెండు మిల్లీలీటర్లు ఆరితే 150 మిల్లీగ్రాముల కేక్ వస్తుంది. అర మిల్లీలీటరు ఆరితే 37 మిల్లీగ్రాములు. స్టాపర్ గ్రాముకు పైనే తూగుతుంది. ఆవిరిలో ఉడికినప్పుడు రబ్బరు తాగిన నీటిలో ఒక్క మిల్లీగ్రాము, కంటికి ఆనని ఒక్క మిల్లీగ్రాము, నెమ్మదిగా బయటికి వచ్చి కింద ఆరిపోయి దాహంగా ఉన్న కేక్‌లోకి చేరిందనుకోండి. పెద్ద కేక్‌కు అది 0.7 శాతం కూడా కాదు. చిన్న కేక్‌కు 2.7 శాతం. లోపం మొదటి నుంచీ ఉంది. వంద డోసుల వయల్ దాన్ని మింగి ఊరుకుంది, పాతిక డోసులది మింగలేకపోయింది.

లెక్క కుదిరిందని నమ్మేస్తే ట్రెహలోజ్ దగ్గర చేసిన తప్పే మళ్లీ చేసినట్టు. ఒకే బల్క్ మందును మూడు భాగాలు చేశాం. మొదటి భాగానికి మామూలు స్టాపర్లు, అంటే ఆటోక్లేవ్ తర్వాత అరగంట ఆరినవి. రెండో భాగానికి 105 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది గంటలు ఆరబెట్టినవి. మూడో భాగానికి అసలు రబ్బరే లేదు: పాతకాలం ఆంపూల్స్‌లో పోసి, మెడ మంటలో కరిగించి మూసేశాం. రబ్బరే దోషి అయితే మూడో గుంపులో తేమ కదలకూడదు. కదిలితే మా ఊహ తప్పు.

పది నెలలకు మొదటి గుంపు 1.2 నుంచి 3.7 శాతానికి చేరి అక్కడ ఆగింది. ఆ ఆగడమే నాకు ఎక్కువ నమ్మకమిచ్చింది. బయటి నుంచి కారే నీటికి అంతుండదు, స్టాపర్‌లో ఉన్న నీటికి అంతుంటుంది. రెండో గుంపు 1.7 దగ్గర నిలిచింది. ఆంపూల్స్ 1.2 దగ్గరే ఉన్నాయి. టైటర్లూ అదే వరసలో ఉన్నాయి: మొదటి గుంపు లాగ్ 1 పోగొట్టుకుంది, మిగతా రెండింటి నష్టం పరీక్ష తేడాలోనే కలిసిపోయింది.

37 డిగ్రీల పరీక్ష మమ్మల్ని ఎందుకు మోసం చేసిందో కూడా అప్పుడు తెలిసింది. వారం రోజుల్లో రబ్బరులోని నీరు ఇంకా బయటికి రాలేదు. మేం పరీక్షించింది నిన్న పుట్టిన పొడి కేక్‌ను, రైతు చేతికి వెళ్లేది ఆర్నెల్లు నీరు తాగిన కేక్. ఇప్పుడు వేగపు పరీక్షకు కొత్త వయల్స్‌తో పాటు ఆర్నెల్లు నిల్వ ఉన్నవి కూడా పెడతాం.

ఏం చేశాం, ఎలా కుదిరింది

మూడు గుంపుల ఫలితం వచ్చిన వారమే, మిగతా పరీక్షలు పూర్తయ్యేదాకా ఆగకుండా, ఆరు నెలలు దాటిన పాతిక డోసుల స్టాక్ వెనక్కి రప్పించాం. మిగిలినదానికి గడువు 24 నెలల నుంచి 12కి తగ్గించాం. దీని మీద లోపల పెద్ద గొడవే జరిగింది. "2.6 అంటే హద్దు పైనే కదా, చట్ట ప్రకారం పాసే" అన్నది అవతలి వాదన. మా కోల్డ్‌రూమ్‌లో 2.6 ఉన్నది లారీలో, ఎండలో, సెలైన్‌లో కలిపాక గంటసేపు ఎంత మిగులుతుంది అన్నది నా ప్రశ్న. పైగా వేడికి రబ్బరులోని నీరు త్వరగా బయటపడుతుంది, క్షేత్రంలోని వయల్ మా దానికన్నా ముందే తడిసి ఉంటుంది. ఈ వాదనలో నేను గెలిచానని చెప్పను. రెండో ఫిర్యాదు తాలూకు మందలో ల్యాబ్ పీపీఆర్ నిర్ధారించాక గొడవ తనంతట తానే సద్దుమణిగింది.

స్టాపర్లు ఆరబెట్టడం వినడానికి తేలికే. మొదటి నెల నానా తంటాలు పడ్డాం. త్వరగా అవుతుందని ఒకరు 130 డిగ్రీలు పెట్టారు, రబ్బరు జిగురు తేలి మూసేటప్పుడు పై షెల్ఫ్‌కు అతుక్కుపోయాయి, స్టాపర్లు ఊడిపోయి ఒక ట్రే మొత్తం పాడైంది. ఇంకోసారి బాగా ఆరబెట్టిన స్టాపర్లను రాత్రంతా తెరిచిన సంచిలో వదిలేశారు, ఆషాఢ మాసపు గాలిని తాగి తెల్లారేసరికి మళ్లీ మొదటికొచ్చాయి. చివరికి 105 డిగ్రీలు, ఎనిమిది గంటలు, మూసిన సంచిలోనే చల్లార్చడం, అదే రోజు వాడేయడం అన్న పద్ధతి స్థిరపడింది. ప్రతి లోడు నుంచి కొన్ని స్టాపర్లు తీసి నీరు కొలుస్తాం, హద్దు దాటితే లోడు మొత్తం మళ్లీ ఓవెన్‌కే.

రెండో మార్పుకు ఎక్కువ కాలం పట్టింది. పాతిక డోసులనే ఎక్కువ స్టెబిలైజర్‌తో పలుచన చేసి మిల్లీలీటరు పోశాం, కేక్ 75 మిల్లీగ్రాములైంది. డ్రయర్ సమయం కాస్త పెరిగింది, ప్రొడక్షన్‌వాళ్లు సణిగారు. స్టాపర్ ఎప్పుడైనా కాస్త తడిగా వచ్చినా తట్టుకునే వెసులుబాటు దొరికింది, అందుకే పట్టుబట్టాను. ఈ రెండూ అమలయ్యాక 24 నెలల లెక్క పూర్తిచేసిన బ్యాచ్‌లు లాగ్ 3.2కి తగ్గలేదు. గడువు మళ్లీ 24కి మార్చాం. ట్రెహలోజ్ ఫైలు మూసేశాం. అది చెడ్డదని కాదు, దాని అవసరం వేరే రోజుకు.

మొదట ఫోన్ చేసిన డాక్టర్ గారి ఆస్పత్రికి నేనే వెళ్లాను. పాత ఫ్రిజ్, తలుపు రబ్బరు వదులైతే సైకిల్ ట్యూబు కోసి కట్టారు. తలుపు అరల్లో టీకా ఒక్కటీ లేదు, వాటి నిండా నీళ్ల సీసాలు. కరెంటు పోయినా చల్లదనం నిలవడానికట. సెలైన్ సీసాలు కూడా లోపలే చల్లగా ఉన్నాయి, చిటుక టీకా ఫ్రీజర్‌కు దూరంగా కింది అరలో. తలుపు మీద థర్మామీటర్ రీడింగులు, రోజుకు రెండుసార్లు, బాల్‌పెన్‌తో. జరిగిందంతా చెప్పాను. "మరి నా మందలో చచ్చినవాటికి కారణం మీ బిరడాయేనా?" అని అడిగారు. ఆయన మందలో శాంపిళ్లు తీసే అవకాశం దొరకలేదు, వాడిన వయల్స్ మిగల్లేదు. అవునని గానీ కాదని గానీ అనలేనన్నాను. తలూపి, కొత్త స్టాక్ ఎప్పుడొస్తుందో చెప్పమన్నారు. ఆ మందకు మళ్లీ టీకా వేయడానికి కాపరిని ఒప్పించడం తన పని అన్నారు.

ఫిర్యాదుల రిజిస్టర్‌లో ఇప్పుడు ప్యాక్ సైజుకు గడి ఉంది. నిల్వ పరీక్షల్లో టైటర్ పక్కన తేమ కూడా రాస్తారు, అదీ ఒక్కో ప్యాక్‌కు విడిగా. నేను అక్కడి నుంచి వచ్చేశాను గానీ ఆ మూడో గుంపు ఆంపూల్స్ ఇంకా కొన్ని కోల్డ్‌రూమ్ మూల అరలో ఉన్నాయని, ఏడాదికోసారి రెండు పగలగొట్టి చూస్తున్నామని ఆ జూనియర్ అమ్మాయి చెబుతుంటుంది. ఇప్పుడు ఆ విభాగం చూసేది ఆమే. పోయినసారి తేమ 1.3 వచ్చిందట.